ఈత రాని వాళ్ళం పగడాల మధ్యకి: అండమాన్‌లో ఎక్కడ దిగాలి, ఎవరితో దిగాలి

అండమాన్ నుంచి తిరిగొచ్చాక తిరుపతిలో కలిసిన వాళ్ళందరూ ఒకటే అడిగారు: "ఈత రాకపోయినా సముద్రంలోకి దింపుతారా?" దింపుతారు. నాకూ మా ఆయనకీ ఈత రాదు. అయినా ఇద్దరం సముద్రం అడుగున పగడాల పక్కన అరగంట దాకా గడిపి వచ్చాం. పదమూడేళ్ళ మా వాడు మాకంటే ధైర్యంగా దిగాడు. మా అత్తమ్మ నీళ్ళలో దిగకుండానే పడవలో కూర్చుని చూసింది. కాబట్టి దిగొచ్చా అన్నదాని గురించి బెంగ అక్కర్లేదు. ఏ దీవి దగ్గర దిగాలి, ఎవరి చేయి పట్టుకుని దిగాలి అన్నది మాత్రం ఇంట్లో ఉన్నప్పుడే తేల్చుకోవాలి. అండమాన్‌లో చాలా చోట్ల పగడాలు చూపిస్తారు. ప్రకటనల్లో ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. నీళ్ళలో తల పెట్టాక తేడా తెలుస్తుంది. మేం తిరిగిన చోట్లన్నీ చూశాక నాకు అర్థమైందేమంటే, ఎక్కడ మనుషుల్ని కట్టడి చేశారో అక్కడే పగడం బాగా బతికి ఉంది. ఇక్కడ నేను ఒక్కో చోటికి మంచి చెడ్డలు చెప్పేది ఆ లెక్కలోనే.

ఇప్పుడు మన జిల్లాకీ సముద్రం ఉంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, వాకాడు వైపు తీరం మనలో కలిసింది. తూపిలిపాళెం బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళడం మాకు అలవాటే. "ఇక్కడ పగడాలు ఎందుకు లేవు?" అని మా వాడు అక్కడే మొదలుపెట్టాడు. పగడం అంటే చిన్న చిన్న జీవుల గుంపు. అవి అతుక్కోవడానికి గట్టి అడుగు ఉండాలి, ఎండ కిందిదాకా దిగేంత తేట నీళ్ళుండాలి. మన తీరంలో అడుగంతా ఇసుక, పైగా నదులు తెచ్చే ఒండ్రు. మన దేశంలో పెద్ద పగడాల దిబ్బలున్నవి కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో. మనకి దగ్గరిది రామేశ్వరం, తూత్తుకుడి మధ్య ఉన్న మన్నార్. అక్కడ 21 దీవులతో 1986 లో సముద్ర జాతీయ పార్కు పెట్టారు. కానీ అత్తమ్మతో సహా ఇంటిల్లిపాదీ చూడగలగాలి, మా వాడు స్కూబా (వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుగుకి దిగడం) చెయ్యాలి, రెండూ ఒకే ప్రయాణంలో కుదరాలి. అందుకే అండమాన్ అనుకున్నాం.

రేణిగుంట నుంచి నేరుగా విమానం లేదు. చెన్నై వెళ్ళాల్సిందే. అక్కణ్ణుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పొద్దున్నే బయల్దేరే విమానాలే ఎక్కువ కాబట్టి అర్ధరాత్రి కారు కట్టించుకుని పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పరిగెత్తడం కంటే, ముందు రోజు రైల్లో చెన్నై సెంట్రల్‌కి వెళ్ళి, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి తిరుసూలంలో దిగడం నయం. విమానాశ్రయం రోడ్డుకి అవతలే. దగ్గర్లో ఒక మామూలు లాడ్జిలో రాత్రి పడుకున్నాం. నిద్ర సరిపోవడం ఈ ప్రయాణంలో చాలా అవసరం. జలుబు, నిద్రలేమి ఉంటే నీళ్ళలో చెవులు పట్టేస్తాయి.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆటోవాళ్ళు, దుకాణాల వాళ్ళు ఇంకా పాత పేరే అంటున్నారు. అక్కడ అడుగుపెట్టగానే మాకు కలిగిన సంతోషం తెలుగు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో వందకి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వెళ్ళినవాళ్ళు, చాలామంది చేపల వేటవాళ్ళు. విశాఖ నుంచి ఓడ కూడా నడుస్తుంది. ఊళ్ళో తెలుగువాళ్ళు నడిపే మెస్‌లో పప్పు, రసం, గోంగూర పచ్చడి దొరికేసరికి అత్తమ్మ టెన్షన్ అంతా పోయింది. శాకాహారులు భయపడాల్సిన పని లేదు. ఇంకో విషయం కూడా ముందే మనసులో పెట్టుకోవాలి. ఆ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం మనదే. ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. అందుకే నీళ్ళకి సంబంధించిన పనులన్నీ పొద్దున ఆరింటికే మొదలవుతాయి.

మొదట వెళ్ళింది వండూరు. అక్కడి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు 1983 లో ఏర్పడింది. చిన్నవీ పెద్దవీ 15 దీవులు, వాటి మధ్య కాలువలు, మడ అడవులు, పగడాల దిబ్బలు కలిపి 281 చదరపు కిలోమీటర్లు. అన్ని దీవుల్లోకీ మనల్ని పోనివ్వరు. జాలీ బోయ్, రెడ్ స్కిన్ అని రెండే తెరుస్తారు, అవి కూడా ఒకేసారి కాదు. ఏడాదిలో కొన్ని నెలలు ఇది, మిగతా నెలలు అది. మూసి ఉన్న దీవికి అది విశ్రాంతి కాలం. మేం వెళ్ళినప్పుడు జాలీ బోయ్ తెరిచి ఉంది. సోమవారం సెలవు. రోజుకి ఇంతమందే అని పరిమితి ఉంది కాబట్టి అటవీ శాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి, ఆధార్ దగ్గర పెట్టుకోవాలి. పడవ, పర్మిట్ కలిపి మాకు మనిషికి వెయ్యి దాటింది. ఊళ్ళోంచి వండూరు ముప్పై కిలోమీటర్ల లోపే అయినా, పడవలు పొద్దున్నే కదులుతాయి, ఆలస్యమైతే ఆగవు.

జెట్టీ దగ్గర సంచులన్నీ తెరిచి చూశారు. ప్లాస్టిక్ కవరు, నీళ్ళ సీసా, బిస్కెట్ ప్యాకెట్ ఏదీ దీవికి పోకూడదు. సీసాలు తెచ్చుకోని వాళ్ళకి డిపాజిట్ కట్టించుకుని మళ్ళీ వాడే సీసాలు ఇచ్చారు, ఖాళీ సీసా తిరిగిచ్చాక డబ్బు వెనక్కి. మాతో వచ్చిన కొందరు దీనికి విసుక్కున్నారు. మాకు ఇది కొత్త కాదు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఆపేసి డిపాజిట్ మీద గాజు సీసాలు అమ్మడం మొదలైనప్పుడు ఇవే మాటలు విన్నాం, ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. అత్తమ్మ అయితే స్టీలు టిఫిన్ బాక్సుల్లో పులిహోర, గుడ్డ సంచిలో అరటిపళ్ళు పెట్టుకుని సిద్ధంగా ఉంది. దీవిలో దుకాణం అనేదే లేదు, తిండి మనమే తీసుకెళ్ళాలి.

పడవ ప్రయాణమే ఒక యాత్ర. రెండు పక్కలా దట్టమైన అడవి నీళ్ళ మీదకి వంగి ఉంటుంది. వండూరు ఒడ్డున ఎండిపోయిన పెద్ద పెద్ద చెట్లు ఇంకా పడి ఉన్నాయి. 2004 డిసెంబరు భూకంపం, సునామీలో దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కిందికి కుంగింది, ఉప్పు నీళ్ళు వచ్చి చెట్లు చచ్చిపోయాయి. ఉత్తరాన దీనికి విరుద్ధంగా నేల పైకి లేచి, నీళ్ళలో ఉండాల్సిన పగడాలు బయటపడి ఎండిపోయాయి. ఇదంతా చెప్పింది పడవ నడిపే పెద్దాయన. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని, "ఏటమ్మా, తిరపతి నుంచొచ్చారేటి?" అని అత్తమ్మని పలకరించాడు. ఆమె సంచిలోంచి లడ్డూ ప్రసాదం తీసి, "తీసుకో నాయనా, పిల్లలకి కూడా పెట్టు" అని చేతిలో పెట్టింది. ఆయన కళ్ళకద్దుకుని, ఆ రోజంతా మాకు సొంత మనిషిలా చుట్టూ ఉన్నవన్నీ పేరుపేరునా చూపించాడు. ఈ నీళ్ళలో మొసళ్ళు కూడా ఉంటాయని, అందుకే చెప్పిన హద్దు దాటి ఎక్కడా దిగొద్దని గట్టిగా చెప్పాడు. అది బెదిరింపు కాదు. వండూరు ఒడ్డున హెచ్చరిక బోర్డులు ఉన్నాయి.

పెద్ద పడవని దీవికి దూరంగా ఆపి, అడుగున గాజు బిగించిన చిన్న పడవల్లోకి ఎక్కించారు. పగడాల మీద పెద్ద పడవ అడుగు రాసుకోకూడదు, లంగరు పడకూడదు. అత్తమ్మ చూసింది ఈ గాజులోంచే. ముందు ఇసుక, తర్వాత ముదురు మచ్చలు, ఆ తర్వాత ఉన్నట్టుండి గాజు నిండా కొమ్మలు, గుండ్లు, పలకలు. వాటి మధ్య నీలం, పసుపు, నలుపు చారల చేపలు. "ఇంత చిన్న చేపకి ఇన్ని రంగులేసినాడే స్వామి!" అని గాజు మీదకి వంగిపోయింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళకి చెప్తున్నా, తీసుకెళ్ళండి. చిన్న పడవలోకి ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మాత్రం ఇద్దరు పట్టుకోవాలి, అది కాస్త కష్టమే.

మిగతా ముగ్గురం మాస్క్, గొట్టం పెట్టుకుని, లైఫ్ జాకెట్ వేసుకుని స్నార్కెలింగ్ చేశాం. నీళ్ళ మీద బోర్లా తేలుతూ కిందికి చూడ్డమే, ఈత అక్కర్లేదు. గైడ్ ఒక గుండ్రటి ట్యూబ్ పట్టుకోమని ఇచ్చి, దాన్ని లాక్కుంటూ ముందు ఈదుకుంటూ వెళ్ళాడు. దిగేముందే ఒడ్డున నిలబెట్టి చెప్పాడు: కాలు కింద పెట్టొద్దు, దేన్నీ తాకొద్దు, చేపలకి ఏమీ వెయ్యొద్దు. మాలో ఒకాయన భయపడి నిలబడబోతే వెంటనే చంకల కింద చేతులు వేసి పైకి లేపాడు. కింద ఉన్నది రాయి కాదు. కొమ్మలు కొమ్మలుగా పెరిగే పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా సాగుతుంది గానీ, బండల్లా కనిపించే గుండ్రటి పగడం ఏడాదికి పెరిగేది సెంటీమీటరే. మనిషి ఎత్తున్న బండ మీద మనం అడుగు పెడితే వందేళ్ళ పైబడిన ప్రాణి మీద పెట్టినట్టు. ఇది తెలిశాక నాకు కాళ్ళు దించాలనే అనిపించలేదు.

జాలీ బోయ్‌లో నేను చూసిన వాటిలో మర్చిపోలేనిది చిలక చేప. ముక్కు లాంటి పళ్ళతో పగడం మీద పాచిని కొరుకుతుంటే ఆ శబ్దం నీళ్ళలో కరకరమని స్పష్టంగా వినిపించింది. కొరికిన సున్నపు రాయి దాని పొట్టలో పొడై ఇసుకగా బయటికొస్తుంది. పెద్ద చేప ఏడాదికి వందల కిలోల ఇసుక ఇలా చేస్తుందట. మేం కూర్చుని పులిహోర తిన్న తెల్లటి ఇసుకలో చాలా భాగం ఈ చేపలు కొరికి ఇచ్చిందే. పాచి పెరిగి పగడాన్ని కప్పెయ్యకుండా కాపాడేది కూడా ఇవే. అక్కడ మాకు ఇబ్బంది అనిపించిందల్లా సమయం తక్కువ కావడం. అంత దూరం వెళ్ళి దీవిలో గడిపేది కొద్ది గంటలే. మధ్యాహ్నానికే వెనక్కి రమ్మంటారు. అయినా ఇదే ఈ ప్రయాణంలో పెట్టిన డబ్బుకి ఎక్కువ దక్కిన రోజు.

దీనికి పూర్తిగా వేరుగా ఉంది నార్త్ బే. ఊరికి దగ్గర, పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ అక్కడి తీరానిదేనని అందరూ చెప్తారు, కాబట్టి ప్యాకేజీల్లో తప్పకుండా పెడతారు. చేరడం సులువు, స్కూబా, నీటి అడుగున హెల్మెట్ పెట్టుకుని నడవడం, జెట్ స్కీ అన్నీ అక్కడే. ఒక్క పూట మాత్రమే ఉన్నవాళ్ళకి అది తప్ప దారి లేకపోవచ్చు. మాకు ప్యాకేజీలో అంటగట్టిన బృందం పని తీరు మాత్రం నాకు బాధ కలిగించింది. పది మందిని వరసగా నిలబెట్టి, రెండు మాటలు చెప్పి, ఒక్కొక్కరిని కొద్ది నిమిషాలు ముంచి తీశారు. చేపలు ఫొటోలో పడాలని మనిషి చేతికి బ్రెడ్డు ముక్క ఇచ్చారు. గైడ్లు పగడం మీదే నిలబడి ఫొటోలు తీశారు. అడుగున చాలా చోట్ల విరిగిన ముక్కలే. మా ఆయన అడిగితే "అందరూ అంతే సార్" అన్నారు. ఆ రోజు మేం స్కూబాకి దిగలేదు. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు, అయినా దానికి బాధ లేదు.

స్కూబా అసలు చేసింది హేవ్‌లాక్‌లో, ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో వెళ్ళాలి. ప్రభుత్వ ఫెర్రీ చవక, కానీ టికెట్ దొరకడం కష్టం, సమయం ఎక్కువ. మక్రజ్, నాటికా లాంటి ప్రైవేటు ఫెర్రీలు ఏసీవి, గంటన్నర నుంచి రెండున్నర గంటలు. మేం ప్రైవేటుదే తీసుకున్నాం, మనిషికి పదిహేను వందల చుట్టుపక్కల అయింది. సముద్రం కుదిపేటప్పుడు మూసి ఉన్న ఏసీ హాలులో కడుపు తిప్పుతుంది. వాంతులు వచ్చేవాళ్ళు డాక్టరుని అడిగి మాత్ర ముందే వేసుకోవడం మంచిది.

బస విషయంలో మాకు ఒకటి కలిసిరాలేదు, ఒకటి బాగా కుదిరింది. మొదట బుక్ చేసింది "సముద్రం ఎదురుగా" అని ఫొటోలో చూపించిన ఒక రిసార్ట్. సముద్రం ఉంది, మా గదికీ దానికీ మధ్య ఇంకో రెండు వరసల గదులు ఉన్నాయి. స్నానానికి ఉప్పు నీళ్ళు, రాత్రి కరెంటు పోతే జనరేటర్ లేదు. మర్నాడే ఖాళీ చేసి, మూడో నంబరు బీచ్ దగ్గర చిన్న కుటుంబం నడుపుతున్న గుడిసెలకి మారాం. వెదురు గోడలు, దోమతెర, ఫ్యాను, శుభ్రమైన బాత్రూము. అద్దె మొదటి దాంట్లో సగం. ఇంటావిడ అత్తమ్మకి ఉల్లిపాయ లేని కూర విడిగా వండి పెట్టింది. తూర్పు వైపు బీచ్‌ల గురించి ఎవరూ ముందు చెప్పని విషయం ఒకటుంది. ఆటుకి నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి, అడుగున రాళ్ళు, పగడపు ముక్కలు బయటపడతాయి, స్నానం చెయ్యడానికి కుదరదు. ఇసుక ఈగలు కూడా కుడతాయి, కాళ్ళకి కొబ్బరి నూనె పట్టించుకోవాలి. సముద్ర స్నానం కావాలంటే పడమట ఉన్న రాధానగర్ వెళ్ళాలి. 2004 లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని మెచ్చుకున్నది అదే. అక్కడ ఇసుక మెత్తగా, విశాలంగా ఉంటుంది, చూసి తీరాలి. కానీ డైవింగ్ కోసం వెళ్ళేవాళ్ళు తూర్పు వైపే ఉండాలి. డైవ్ సెంటర్లు ఎక్కువగా అటువైపే, పొద్దున ఆరింటికి నడిచి వెళ్ళిపోవచ్చు.

డైవ్ సెంటర్‌ని ఎంచుకోవడానికి మా ఆయన రెండు మూడు చోట్ల తిరిగి ఒకే రకం ప్రశ్నలు అడిగారు. ఒక శిక్షకుడు ఎంతమందిని తీసుకెళ్తాడు? ఆరోగ్య వివరాల ఫారం నింపమంటారా? బోటులో ఆక్సిజన్ ఉందా? చేపలకి తిండి వేస్తారా? ఒక చోట "ఫారం అదీ ఎందుకు సార్, అరగంటలో పైకి వస్తారు" అన్నారు. అక్కడ ఇంకో మాట మాట్లాడకుండా లేచి వచ్చేశారు. ఇంకో చోట ఆ ఫారమే ముందు చేతిలో పెట్టారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, ఈ మధ్య చెవి ఆపరేషన్, గర్భం, ఒక్కటి ఉన్నా డాక్టరు కాగితం లేకుండా దింపరు. ఒక్కొక్కరికి ఒక్కో శిక్షకుడు. పదేళ్ళు నిండితే పిల్లల్ని కూడా దింపుతారు, శిక్షణ లేనివాళ్ళని 12 మీటర్లు దాటి తీసుకెళ్ళరు. మనిషికి ఐదు వేలకి కొంచెం తక్కువ పడింది. నార్త్ బే కంటే ఎక్కువే. అయితే ఈ డబ్బు పెట్టింది చేపలకి కాదు, పక్కన చేయి పట్టుకుని ఉండే మనిషికి.

నా శిక్షకుడు పోర్ట్ బ్లెయిర్ తెలుగు అబ్బాయి, వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడట. "అక్కా, భయం వేస్తే వెయ్యనీ, ఊపిరి మాత్రం ఆపకు" అన్నాడు. నడుము లోతు నీళ్ళలో కూర్చోబెట్టి నోటితో గాలి పీల్చడం, మాస్క్‌లోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం, నోట్లోంచి గొట్టం ఊడితే మళ్ళీ పెట్టుకోవడం నాకు వచ్చేదాకా చేయించాడు. ఊపిరి బిగపట్టి పైకి లేస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులకి దెబ్బ తగులుతుంది, అందుకే ఆ ఒక్క మాట పదే పదే చెప్పాడు. చేతి సైగలు కూడా నేర్చుకోవాలి. బొటనవేలు పైకి చూపిస్తే "బాగుంది" అని కాదు, "పైకి తీసుకెళ్ళు" అని.

చెవుల సంగతి మనవాళ్ళకి చెప్పడం తేలిక. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయి, గుటక వేస్తే టప్పుమని తెరుచుకుంటాయి కదా. నీళ్ళలో దిగేటప్పుడు ఇదే జరుగుతుంది, కానీ చాలా త్వరగా, చాలా గట్టిగా. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవులు సర్దుకుంటాయి. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే, ప్రతి అడుగుకీ ఊదాలి. నాకు ఒక చెవి సర్దుకోకపోతే ఆ అబ్బాయి తొందర పెట్టలేదు, నన్ను ఒక మీటరు పైకి తెచ్చి ఆగాడు. చెవి తెరుచుకున్నాకే మళ్ళీ కిందికి.

మేం దిగింది నీమో రీఫ్ అనే చోట. ఒడ్డు నుంచే నడుచుకుంటూ వెళ్ళి దిగొచ్చు, లోతు మూడు నాలుగు మీటర్ల దగ్గర మొదలై పది దాకా ఉంటుంది. లోతు తక్కువ కదా, ఏం కనిపిస్తుందిలే అనుకోవద్దు. మొదటిసారి దిగేవాళ్ళకి తక్కువ లోతే మేలు. నీళ్ళలో ముందు పోయేది ఎరుపు రంగు, ఐదారు మీటర్లు దిగేసరికి అది దాదాపు మాయమవుతుంది, ఇంకా లోతుకి అంతా నీలమే. పైన ఎండ బాగా పడే చోటే పగడాల అసలు రంగులు కనిపిస్తాయి. పగడం కూడా ఎండ కోసమే అక్కడ పెరుగుతుంది. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది, ఆ నాచు ఎండతో వండే ఆహారం మీదే పగడం ఎక్కువగా బతుకుతుంది. ఆ రంగులు కూడా చాలావరకు ఆ నాచువే.

ఒక బండ పక్కన గాలికి ఊగుతున్నట్టు వేళ్ళు ఊపుతున్న సీ అనిమోన్ అనే సముద్ర జీవి, అందులో నారింజ రంగు మీద తెల్ల చారల చేపల కుటుంబం. ఆ వేళ్ళకి విషపు ముళ్ళుంటాయి, ఈ చేప ఒంటి జిగురు దాన్ని కాపాడుతుంది. గుంపులో పెద్దది ఆడది, అది చనిపోతే తర్వాతి మగ చేప ఆడదిగా మారుతుందని పైకి వచ్చాక చెప్తే మా వాడు నమ్మలేదు, ఇంటికొచ్చి పుస్తకంలో చూసుకున్నాడు. అడుగున ఇసుకలో సముద్ర దోసకాయలు, నోరు తెరుచుకుని ఉన్న పెద్ద ఆల్చిప్ప, దాని అంచు మీద మెరిసే నీలం. నీళ్ళలో అన్నీ ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి, చేయి చాస్తే తగులుతుందేమో అనిపిస్తుంది. నేను చేయి చాచకముందే ఆ అబ్బాయి నా రెండు చేతులూ నా ఛాతీ మీద కట్టించాడు. ఆ ఒక్క పనికే ఆ సెంటర్‌కి నేను పూర్తి మార్కులు ఇస్తాను.

అన్నీ రంగులతోనే లేవు. ఒక చోట కొమ్మలన్నీ పాలిపోయి, కొన్ని చోట్ల బూడిద రంగు పాచి పట్టి ఉన్నాయి. నీళ్ళు మామూలు వేసవి వేడి కంటే ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం తనలోని నాచుని బయటికి తోసేస్తుంది, తెల్లబడిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చనిపోతుంది. అండమాన్‌లో 1998, 2010, 2016 ల్లో ఇలా జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇది జరుగుతోందని అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. ఎండ వేడిని ఆపడం అటవీ శాఖ చేతిలో లేదు. కానీ కాళ్ళతో తొక్కించుకుని, బ్రెడ్డు ముక్కలు, సన్‌స్క్రీన్ కలిసిన నీళ్ళలో ఉన్న పగడం కంటే, ఏ బాధా లేని పగడం త్వరగా కోలుకుంటుందని మా శిక్షకుడు చెప్పాడు. జాలీ బోయ్ చూసొచ్చాక ఆ మాట నాకు నిజమే అనిపించింది. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల ఈత బట్టలు వేసుకోండి, ఆడవాళ్ళకి అదే హాయి కూడా.

ఎలిఫెంట్ బీచ్ గురించి రెండు మాటలు చాలు. హేవ్‌లాక్ జెట్టీ నుంచి బోటులో వెళ్తారు, పిల్లలకి ఆటలు బాగుంటాయి, జనం విపరీతం. స్నార్కెలింగ్‌కి జాలీ బోయ్ చూసినవాళ్ళు దీన్ని వదిలేసినా నష్టం లేదు. నీల్ దీవిలో ఆటు సమయంలో సహజ వంతెన రాయి దగ్గర గుంటల్లో పీతలు, చేపలు, సముద్ర దోసకాయలు కనిపిస్తాయి. ఒక గైడ్ వాటిని చేత్తో ఎత్తి పిల్లల అరచేతిలో పెట్టబోతే వద్దన్నాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే పులికి ఉన్న రక్షణలో, 2001 నుంచి పగడాలూ సముద్ర దోసకాయలూ ఉన్నాయి. అందుకే ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్కని కూడా సంచిలో వేసుకోకూడదు. విమానాశ్రయంలో స్కానింగ్‌లో దొరికితే తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు. గవ్వల వస్తువులు కావాలంటే ప్రభుత్వ ఎంపోరియంలో బిల్లుతో కొనండి.

స్కూబాని ప్రయాణం చివర్న పెట్టుకోకండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. మా సెంటర్ వాళ్ళు పూర్తి రోజు వదలమన్నారు. ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి, అప్పటికింకా పూర్తిగా పోకుండా విమానం ఎక్కితే అది బుడగలు కడుతుంది. ఆ రోజుని మేం పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలుకి, నౌకాదళం నడిపే సముద్రిక మ్యూజియానికి ఇచ్చాం. చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక 2020 నుంచి దీవుల్లో ఇంటర్నెట్ మెరుగైంది, అయినా చిన్న దుకాణాల్లో నగదు ఉంటేనే పని జరుగుతుంది.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం తేటగా ఉంటుంది. ముందు వండూరు పర్మిట్ దొరికే రోజు చూసుకుని, దాని చుట్టూ మిగతా టికెట్లు కొనండి. ఫెర్రీ ముందు కొని పర్మిట్ తర్వాత వెతికితే కుదరకపోవచ్చు, పైగా మధ్యలో సోమవారం వచ్చిందంటే ఆ రోజు పోయినట్టే. మా వాడు ఇప్పుడు స్కూబా నేర్పే మొదటి కోర్సు, ఓపెన్ వాటర్, చేస్తానంటున్నాడు, అది వస్తే ఇంకా లోతుకి పోవచ్చని. పాఠాల భాగం ఇంట్లోనే ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చట, నీళ్ళలో చెయ్యాల్సిన భాగానికి మూడు నాలుగు రోజులు దీవిలో ఉండాలి. ముందు ఈత నేర్చుకో అన్నాం. రోజూ స్కూలు అయ్యాక కొలనుకి వెళ్తున్నాడు, పదో తరగతి పరీక్షలు అయ్యే లోపు రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదాలని వాళ్ళ నాన్న షరతు పెట్టారు.